మా ఇంట్లో విరగని హాకీ కర్ర లేదు

మొన్న పైఫ్లోర్ అమ్మాయి ఆరేసిన చున్నీ గాలికి ఎగిరొచ్చి మా కిందవాళ్ళ సన్‌షేడ్ మీద పడింది. ఎలా తియ్యాలా అని ఆ అమ్మాయి మా బాల్కనీలో నిలబడి తంటాలు పడుతుంటే నేను లోపలికెళ్ళి కర్ర పట్టుకొచ్చాను. కర్రని అటూ ఇటూ తిప్పి చూసి "ఆంటీ, ఇది హాకీ స్టిక్ కదా?" అంది. కొంకి వైపు రెండడుగులు హాకీ స్టిక్కే, ఆ పైన ఉన్నది ఇల్లు తుడిచే మాప్ కర్ర, రెండిటినీ కలిపింది రాగి తీగా దాని మీద నల్ల టేపూ. "మీరు హాకీ ఆడేవారా ఆంటీ?" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది. లేదమ్మా, ఆడింది మా అన్నయ్య, విరిగిన ముక్కలతో ఆడుకున్నది మేమూ అన్నాను. అప్పటినుంచి ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి, అందుకే ఇది రాస్తున్నా.

మేముండేది బెజవాడలో, సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న రైల్వేలో గుమాస్తా. 1980లో మాస్కో ఒలింపిక్స్ ఫైనల్లో మనవాళ్ళు స్పెయిన్‌ని 4-3తో ఓడించి బంగారు పతకం కొట్టినప్పుడు అన్నయ్యకి పద్నాలుగేళ్ళు, నాకు పది. హాకీలో మనకది ఎనిమిదో బంగారం. అప్పటిదాకా వీధిలో బిళ్ళంగోడు తప్ప ఇంకేమీ ఎరగని మా అన్నయ్య ఆ మర్నాటి నుంచీ హాకీ ప్లేయర్ అయిపోయాడు. మొదటి కర్ర కొనడానికి నాన్న దగ్గర ఎన్ని రోజులు మారాం చేశాడో నాకు లెక్క లేదు గానీ, చివరికి గవర్నర్‌పేటలో స్పోర్ట్స్ షాపుకి తీసుకెళ్ళి కొనిపెట్టారు. మా వీధిలో ఆడవాళ్ళంతా దాన్ని హాకీ బ్యాట్ అనేవారు, అలా అన్నప్పుడల్లా అన్నయ్య మొహం మాడ్చుకునేవాడు.

అప్పటి కర్రలన్నీ జలంధర్ నుంచో మీరట్ నుంచో వచ్చేవి. కింద వంకర భాగం మల్బరీ కలప, అదే మన కంబళి చెట్టు. ఆవిరి పట్టి వంచుతారట. పైన పట్టుకునే పిడి పేముది, అదీ ఒకే పేము కాదు, కొన్ని బద్దలు అతికించి, మధ్యలో సన్నటి రబ్బరు పట్టీలు పెట్టి, బంతి తగిలినప్పుడు చెయ్యి జివ్వుమనకుండా చేసేవారు. ఈ పిడిని కింద కలపలోకి కోసుగా దిగేసి జిగురుతో అతికిస్తారు, పైన దారం చుడతారు. మా అన్నయ్య కర్రలు ముప్పాతిక వంతు ఆ అతుకు దగ్గరే పోయేవి. పోవా మరి! ఒలింపిక్స్‌లో 1976 మాంట్రియల్ నుంచే ప్లాస్టిక్ గడ్డి మీద ఆడుతుంటే మావాళ్ళు ఆడేది కంకర తేలిన గ్రౌండులో. మే నెల ఎండకి కలప ఎండి పగుళ్ళిచ్చేది, ఆగస్టు వానలకి జిగురు మెత్తబడేది. అందుకని వారానికోసారి అవిసె నూనె పట్టించి, గోడకి ఆనించకుండా మంచం కింద పడుకోబెట్టేవాడు. ఆ నూనె వన్‌టౌన్‌లో పెయింట్ల షాపులో దొరికేది. తలకి నూనె రాసుకోమంటే పారిపోయేవాడు కర్రకి మాత్రం అంత శ్రద్ధగా రాస్తున్నాడేంటే అని నాయనమ్మ ఆశ్చర్యపోయేది.

ఎంత నూనె రాసినా విరిగేవి. విరిగిన మొదటి కర్రని అమ్మ నేరుగా వేన్నీళ్ళ బాయిలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండో చేత్తో బొగ్గులు సర్దుతోంది కూడా. అప్పుడు అడ్డం పడింది పక్క క్వార్టర్ బాబాయి గారు. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టర్ ఆయన. కలప పని ఉద్యోగం కాదు, పిచ్చి. ఆదివారం వస్తే బాడితా, ఉలీ, చిత్రికా ముందేసుకుని వరండాలో కూర్చునేవారు. "వదినగారూ, ఎంత చేవ ఉన్న కలపండీ ఇది, పొయ్యిలో పెడతారా?" అని అమ్మ చేతిలోంచి లాక్కున్నంత పని చేశారు. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి అయితే గోరు గుచ్చితే దిగుతుంది, దీనికి మేకు కూడా దిగదు అని చెప్పి చూపించారు. నిజంగానే దిగలేదు, మేకు వంగిపోయింది.

ఆయన లెక్క ఒకటే, ఎక్కడ విరిగిందో ముందు చూడాలి. అతుకు దగ్గర ఊడితే కొంకి ఒక పక్కకీ పిడి ఒక పక్కకీ వస్తాయి, దేని దారి దానిది. కొంకి ముక్కు చిట్లితే మిగతా కర్రంతా పనికొస్తుంది. పిడి చీలితే కింద మూడు వంతులు మిగులుతుంది. డాక్టరు ఎముకలు చూసినట్టు చూసి, "ఇది దోటికి పనికొస్తుంది, ఇది పార పిడికి" అని అక్కడికక్కడే తేల్చేసేవారు.

దోటి గురించి కాస్త చెప్పాలి. మా క్వార్టర్ వెనకాల ఒక నాటు మామిడి చెట్టూ, ఒక మునగ చెట్టూ ఉండేవి. మామూలు దోటికి కొడవలి ముక్క కడతారు, అది కాయ తొడిమనీ కోస్తుంది, తప్పితే కాయనీ కోస్తుంది. బాబాయి గారు పొడుగాటి వెదురు గెడకి హాకీ కొంకి బిగించి ఇచ్చారు. దాంతో కొమ్మని మెల్లగా పట్టి వంచి, తొడిమ దగ్గర ఒక మెలి తిప్పితే కాయ ఊడి వచ్చేది. కింద నేనూ, పక్కింటి పిల్లా పాత దుప్పటి నాలుగు చెంగులూ పట్టుకుని చెట్టు కింద అటూ ఇటూ పరిగెత్తేవాళ్ళం. ఆవకాయకి కోసే కాయ నేల మీద పడకూడదు, కంటికి కనిపించని దెబ్బ తగిలినా ఆ ముక్క దగ్గర మొదలై జాడీ అంతా పాడవుతుందని అమ్మ భయం. ఎండలో మెడలు పట్టేసేవి. అన్నయ్య పైకి చూస్తూ "లెఫ్ట్‌కి రా, లెఫ్ట్‌కి" అని మ్యాచ్‌లో అరిచినట్టు అరిచేవాడు. ఓసారి అరుపులకి కంగారుపడి మేమిద్దరం చెరో వైపు లాగితే దుప్పటి మధ్యకి చిరిగి, కాయ వచ్చి బాబాయి గారి నెత్తి మీద పడింది. ఆయన నెత్తి తడుముకుంటూ కాయ తీసి చూసి, "దెబ్బ తగల్లేదు, ఆవకాయకి పనికొస్తుంది" అన్నారు. మునక్కాయలకి మాత్రం ఆ దోటి దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు, మునగ కొమ్మ పెళుసు, వంచితే విరుగుతుంది. క్వార్టర్స్‌లో ఎవరింట్లో కాయ కొయ్యాలన్నా మా దోటి కోసమే వచ్చేవారు, ఏప్రిల్ నెలంతా అది మా ఇంట్లో ఉన్న రోజులు తక్కువ.

పేము పిడి ముక్కల సంగతి వేరు. దారం విప్పేస్తే బద్దలు బద్దలుగా వచ్చేవి. మేదరాయన చేట అంచు ఊడిపోతే వాటినే చీల్చి కట్టి ఇచ్చాడు, ఆ చేట చాలా ఏళ్ళు వాడాం. రబ్బరు పట్టీ తలుపు కింద చెక్కముక్కకి అంటించాం, తలుపు కొట్టుకోకుండా. ఒక బద్దని మాత్రం అన్నయ్య గొప్పకి పోయి స్కూలుకి తీసుకెళ్ళి లెక్కల మాస్టారికి చూపించాడు. మాస్టారు దాన్ని గాల్లో రెండుసార్లు ఊపి చూసుకుని, "బాగుందిరా" అని టేబుల్ సొరుగులో పెట్టుకున్నారు. ఆ ఏడాదంతా ఆ క్లాసు పిల్లలు దెబ్బ తిన్నప్పుడల్లా మా అన్నయ్యని తిట్టుకున్నారు. మొదటి దెబ్బ తిన్నది కూడా వాడే.

ఇంకో ఉపయోగం మేమే కనిపెట్టాం. రూలు ప్రకారం హాకీ కర్ర రెండంగుళాల రింగులోంచి దూరాలి, అంతకన్నా లావుంటే ఆడనివ్వరు. దూరిందంటే మా కిటికీ ఊచల్లోంచి కూడా దూరినట్టే. అమ్మ తాళంచెవి లోపలే మర్చిపోయి తలుపు వేసేసుకోవడం మామూలు కాబట్టి, ఒక కొంకి ముక్క ఎప్పుడూ బయట తులసికోట వెనకాల ఉండేది. కిటికీలోంచి దూర్చి టేబుల్ మీద గుత్తిని లాగేవాళ్ళం. దొంగలకీ పనికొచ్చే ఐడియా అని ఇప్పుడనిపిస్తోంది గానీ అప్పుడెవరికీ తట్టలేదు.

1982 డిసెంబరు. ఢిల్లీ ఏషియాడ్ హాకీ ఫైనల్, పాకిస్తాన్‌తో. అన్నయ్య పొద్దుటినుంచీ రేడియో పక్కనే. మొదటి గోల్ మనదే, గంతులేశాడు. తర్వాత వరసగా వాళ్ళే వేశారు, ఒకటి, రెండు, మూడు... చివరికి 7-1. అన్నయ్య ఏమీ మాట్లాడకుండా లేచి, పెరట్లోకెళ్ళి, కొత్త కర్రని, కొని నెల కూడా కాలేదు, రోటికేసి కొట్టాడు. కొంకికి ఏమీ కాలేదు, పిడి మాత్రం పైనుంచి సగం దాకా చీలిపోయింది. ఆటలో కాకుండా వాడు విరగ్గొట్టిన కర్ర అదొక్కటే.

నాన్న కొడతారనుకున్నాం. కొట్టలేదు, తిట్టలేదు కూడా, ఆ రాత్రి అసలు మాట్లాడలేదు. పొద్దున్నే చీలిన పిడికి రాగి తీగ చుట్టి, పెరటి తలుపు వెనకాల రెండు ఇనుప కొక్కేలు కొట్టి, ఆ కర్రని తలుపుకి అడ్డగడియలా బిగించారు. "రోజూ రాత్రి ఈ గడియ నువ్వే వెయ్యాలి, పొద్దున నువ్వే తియ్యాలి" అని అన్నయ్యతో అన్నారు. అంతే. అన్నయ్య బ్యాంకు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళేదాకా ఆరేడేళ్ళు రోజూ రాత్రి ఆ గడియ వేశాడు. మొదట్లో మొహం పక్కకి తిప్పుకుని వేసేవాడు, తర్వాత తర్వాత చీకట్లో చేత్తో తడిమి వేసేవాడు. తీగ మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగేవాడు, అది నేనొక్కదాన్నే చూశాననుకుంటా.

బెజవాడలో హాకీ కర్రకి ఇంకో పేరు కూడా ఉంది, అది దాటేస్తే అబద్ధం రాసినట్టే. ఆ రోజుల్లో మా ఊళ్ళో హాకీ స్టిక్ అంటే చాలామందికి ఆట గుర్తొచ్చేది కాదు, కాలేజీ కొట్లాటలు గుర్తొచ్చేవి, సైకిల్ చైన్ల సరసన దాని పేరు. అన్నయ్య సైకిల్ కి కర్ర కట్టుకుని గ్రౌండుకి వెళ్తుంటే ఏలూరు రోడ్డు మీద పోలీసు ఆపి బూట్లు చూపించమన్నాడట, బూట్లుంటే ప్లేయరు, చెప్పులుంటే ఇంకొకటి అని ఆయన లెక్క. 1988 డిసెంబరు చివర్లో ఊరు తగలబడి కర్ఫ్యూ పెట్టినప్పుడు అమ్మ ఇంట్లో ఉన్న మంచి కర్రలు రెండూ పాత చీరలో చుట్టి అటక మీద బియ్యం డబ్బా వెనకాల దాచింది. విరిగినవి మాత్రం ఎక్కడివక్కడే వదిలేసింది. "విరిగినవి ఎవరేమంటారు" అని. నాయనమ్మ తన చేతికర్ర చూపించి, అదీ విరిగిన హాకీ కర్రే లెండి, "మరి నన్ను కూడా పట్టుకెళ్తారేమిటే?" అంది. ఆ వారమంతటిలో ఇంట్లో ఎవరైనా నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ కర్రల పేరు నా పెళ్ళిచూపుల్లో కూడా పనిచేసింది. బాబాయి గారు అయిదు కొంకి ముక్కలు తీసుకుని, ఒక్కోదాని వీపు చిత్రిక పట్టి చదును చేసి, టేకు చెక్కకి వరసగా స్క్రూలతో బిగించి, మా ముందుగదిలో గోడకి కొట్టారు. చొక్కాలు, గొడుగు, నాన్న సంచీ అన్నీ వాటికే. వచ్చిన పెద్దమనిషి గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చారు, కండువా తీసి తగిలించబోయి చెయ్యి ఆపేశారు. అయిదింటినీ లెక్కపెట్టారు. "మీ అబ్బాయి ఏం చేస్తుంటాడన్నారు?" అని నాన్నని మళ్ళీ అడిగారు. బ్యాంకులో అండీ అన్నారు నాన్న. "ఏ బ్యాంకు?" అన్నారాయన, నమ్మకం లేని గొంతుతో. పెళ్ళికొడుకు మాత్రం తల వంచుకుని నవ్వాపుకుంటున్నాడు. ఆ సంబంధమే కుదిరింది లెండి. మావయ్య గారు ఉన్నన్నాళ్ళూ మా పుట్టింటికి ఎప్పుడొచ్చినా కండువా మాత్రం కుర్చీ మీదే వేసుకునేవారు.

నాయనమ్మ చేతికర్ర అన్నిటిలోకీ గొప్పది. పిడి కొస చిట్లిన కర్ర, అయిదంగుళాలు కోసేసి తిరగేశారు. కొంకి పైకి, పిడి కిందకి. కొంకి వంపు సరిగ్గా ఆవిడ అరచేతిలో ఒదిగేది, హాకీ కర్రకి ఎడమవైపు మొహం బల్లపరుపుగా ఉంటుంది కదా, బొటనవేలు పెట్టుకోవడానికి అది ఎంతో బాగుండేది. కింద జారకుండా మందుల షాపులో రబ్బరు బుష్ కొని తొడిగాం. మొదట్లో "రౌడీ కర్ర పట్టుకుని గుడికెళ్ళనా" అని గొడవ చేసింది గానీ, నెలయ్యేసరికి అది లేకుండా స్నానానికి కూడా వెళ్ళలేదు.

1992 కృష్ణా పుష్కరాలకి దుర్గాఘాట్‌కి తీసుకెళ్ళాం. ఆ జనం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాయనమ్మ మెట్లు దిగుతూ ముందు కర్ర ఆనిస్తే జనం అదేంటో చూసి తమంతట తాము పక్కకి తప్పుకున్నారు! నీళ్ళలో మూడు మునకలు వేసి లేచేసరికి ఆవిడ ఇత్తడి చెంబు చేతిలోంచి జారి తేలుకుంటూ పోతోంది. పెళ్ళినాటి చెంబు. నేను అరుస్తున్నా, మా వారు లుంగీ సర్దుకుంటున్నారు, ఈలోగా నాయనమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి, కర్రని తిరగేసి, రెండు చేతులతో పిడి పట్టుకుని, కొంకిని చెంబు మూతిలో వేసి దగ్గరికి లాక్కుంది. తొందర లేదు, తడబాటు లేదు. ఒడ్డున ఎవరో కుర్రాడు "గోల్!" అని అరిచాడు. ఈ సంగతి ఫోన్లో చెబితే అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఏ చెయ్యి పైన పట్టుకుంది?" అని అడిగాడు. ఎడమ చెయ్యి అన్నాను. "కరెక్ట్" అన్నాడు.

ఆవిడ పోయినప్పుడు ఆ కర్రని ఆవిడతోనే పంపించారు. దోటి ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు గోడ కొంకులు ఊడదియ్యబోతే చెక్కంతా చెదపురుగు, కొంకులు మాత్రం చెక్కుచెదరలేదు, బాబాయి గారి మనవడికి ఇచ్చేశాం.

మా మేనల్లుడు స్కూల్లో హాకీ ఆడాడు కొన్నాళ్ళు, ఫైబర్ కర్రతో. తేలిక, దెబ్బ గట్టిగా పోతుంది, ఎండా వానా పట్టవు, అన్నీ నిజమే. అది ఓసారి మధ్యకి విరిగితే నేను ఆశగా అడిగి తెచ్చుకున్నాను. లోపల డొల్ల. రంపం పెడితే సన్నటి నూగు లేచి రెండు రోజులు చేతులు దురద. దేనికీ పనికిరాలేదు, పొయ్యిలో పెట్టడానికి కూడా లేదు, కంపు. చెత్తబండిలో వేశాను. దేన్నైనా చెత్తబండిలో వెయ్యడం నా వల్ల అంత తేలిగ్గా కాదు, అదొక్కటే తృప్తిగా వేశాను.

2021 ఆగస్టులో టోక్యోలో మనవాళ్ళు జర్మనీని 5-4తో ఓడించి కాంస్యం తెచ్చినరోజు అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు. నలభై ఒక్కేళ్ళయింది అంటాడు, గొంతు బొంగురు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఆ గడియ ఏమైంది?" అని అడిగాడు. క్వార్టర్ వదిలేటప్పుడు అమ్మ ఇంకేం తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా ఆ గడియ తెచ్చుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చేటప్పుడు బట్టల బ్యాగ్‌తో పాటు అదీ తెచ్చుకుంది. ఫ్లాట్‌కి పెరటి తలుపు ఎక్కడిది? చాన్నాళ్ళు మూలన ఉంది. ఆ మధ్య చీలిన పైభాగం కోసేసి మాప్ కర్ర నేనే కట్టాను, నాన్న చుట్టిన రాగి తీగ పారెయ్యకుండా దాంతోనే కట్టాను. ఇదంతా ఆ రోజు అన్నయ్యకి చెప్పలేదు, ఉందిలే అన్నాను.

ఇప్పుడు చున్నీ తీసిచ్చాక ఆ కర్ర మా అపార్ట్‌మెంట్‌లో ఫేమస్ అయింది. ఆ అమ్మాయి తీసుకెళ్ళి రెండు రోజులకి ఇచ్చింది. ఫస్ట్ ఫ్లోర్‌వాళ్ళు అటక మీద పెట్టె లాగడానికి తీసుకెళ్ళారు. నిన్న చూస్తే వాచ్‌మన్ దాంతో మోటార్ రూమ్ షట్టర్ కిందకి లాగుతున్నాడు, "ఇది భలే ఉందమ్మా, ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. అతని చేతిలో ఉండగానే ఫోటో తీసి అన్నయ్యకి పంపాను. గడియ ఇలా అయిందని తెలిసి ఏమంటాడోనని టెన్షన్ గానే ఉంది. గంట తర్వాత రిప్లై వచ్చింది. ఫోటో పెద్దది చేసి చూసుంటాడు, "ముక్కు దగ్గర సన్నటి పగులు కనిపిస్తోంది, నూనె పెట్టు" అని రాశాడు.

ఎలాగూ రేపు వన్‌టౌన్ వెళ్ళే పనుంది, పెయింట్ల షాపులో అడుగుతా.